చూరు వద్దంటారు మావారు, ఉండాలంటారు మామగారు

ఉత్తరం రాసినావిడ తన పేరు వేయొద్దన్నారు. ఇంటి వెనక తోటలో నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పుతో చిన్న గది కట్టించుకుంటున్నారు. కుట్టుమిషన్ పెట్టుకోవడానికి, పగలు కాసేపు తలుపేసుకుని కూర్చోవడానికి తనకంటూ ఒక చోటు ఉండాలన్నది ఆవిడకు ఎన్నాళ్లనుంచో ఉన్న కోరిక. డబ్బు కూడా తను దాచుకున్నదే. చెక్క ఫ్రేము లేచింది. పైకప్పు మీద ప్లైవుడ్ పరిచారు. గోడలకు కొట్టాల్సిన సెడార్ పలకలు వచ్చి ఓ పక్కన పేర్చి ఉన్నాయి. పని అక్కడ ఆగిపోయింది.

గది బొమ్మ గీసింది ఆవిడ భర్త. పలకలు కింద నుంచి పైదాకా ఏకంగా వెళ్లాలి, చివర సన్నటి నల్ల రేకు గీత మాత్రమే కనపడాలి, చూరన్నది ఉండకూడదు అని ఆయన పట్టు. చూరు లేని చెక్క గది నాలుగు వానలకే నానిపోతుంది, కనీసం అడుగు బయటికి రావాల్సిందే అని మామగారు. పైకప్పు మీద రబ్బరు షీటు వేసే అతను "నా పని కప్పు అంచుదాకానే, గోడ సంగతి నాకు తెలీదు" అంటాడు. కార్పెంటర్ "పలకలు కొట్టమంటే కొడతా, నీళ్లకు నేను పూచీ కాదు" అంటాడు.

ఆవిడ ఊరికే కూర్చోలేదు. ఒక సెడార్ ముక్కకు మామూలు ఇనుప మేకు కొట్టి బయట పెట్టి చూశారు. వాన తర్వాత మేకు చుట్టూ నల్లటి మరక వచ్చింది. ఎండలో నిలబెట్టిన వెడల్పాటి పలక దొన్నెలా వంగింది. పైకప్పు అతను నమూనాగా తెచ్చిన రేకు ముక్కను చెక్క అంచు మీద పెట్టి మగ్గుతో నీళ్లు పోస్తే, అవి కింద పడకుండా రేకు అడుగునే పాకుతూ చెక్క వెనక్కి వెళ్లాయి. ఈ మాట చెబితే భర్త "ప్రతిదానికీ అడ్డు చెప్పకు" అన్నారట. "నేను మామగారి పక్షం మాట్లాడినట్టు అయిపోయింది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. ఒకటే టెన్షన్. పని ఆపించాలా, ఊరుకోవాలా? ఇద్దరిలో ఎవరిది రైటు? పలకలకు ఆయిల్ పూయాలా?" అని అడిగారు.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది మగ్గు నీళ్ల సంగతి. మీవారు, మామగారు ఇద్దరూ గది ఎలా కనపడాలన్న దాని మీద వాదించుకుంటున్నారు. నీటిచుక్క అంచు దాటాక ఎక్కడికి పోతుందని చూసింది మాత్రం మీరే. చెక్క గది ఎన్నాళ్లు నిలుస్తుందనేది చాలావరకు ఆ ఒక్క చోటే తేలుతుంది. కాబట్టి మీరు ఎవరి పక్షమూ మాట్లాడలేదు. అడగాల్సిన మాట అడిగారు.

మీరు చూసింది ఎందుకలా జరిగిందో చెబుతాను. నీటికి తాకిన దాన్ని పట్టుకుని ఉండే గుణం ఉంది. రేకు అంచు గోడకు అంటుకుని నిటారుగా కిందికి దిగితే, నీళ్లు ఆ అంచు చుట్టూ తిరిగి అడుగుకు చేరతాయి. అక్కడి నుంచి సన్నటి సందు ఏదుంటే దానిలోకి పాకుతాయి. దీనికి విరుగుడు అడుగు పొడవు చూరే కానక్కర్లేదు. రేకు కింది అంచును మడిచి, కొద్దిగా బయటికి వాలేలా వంచితే చుక్కకు పట్టు దొరకదు, రాలిపోతుంది. దీన్నే డ్రిప్ అంటారు. ఆ చుక్క రాలే చోటు పలక ముఖానికి కనీసం 30, 40 మిల్లీమీటర్లు దూరంగా ఉండాలి. లేకపోతే గాలివానకు చుక్క మళ్లీ పలక మీదికే వస్తుంది. పైకప్పు అతను తెచ్చిన ముక్కకు ఈ వంపు లేదని మీరు రాసినదాన్నిబట్టే తెలుస్తోంది. వంపు ఉన్న ముక్క తెమ్మనండి. ఆ కొద్దిపాటి వంపును రెండు మీటర్ల దూరం నుంచి ఎవరూ గుర్తుపట్టరు. మీవారు కోరుకున్న సన్నటి గీత సన్నగానే ఉంటుంది.

ఇప్పుడు ఆయన గీసిన బొమ్మ గురించి. అది చెడ్డ బొమ్మ కాదు. మీ మామగారికి ఈ మాట నచ్చకపోవచ్చు గానీ, చూరు లేని చెక్క గదులు బాగా కడితే బాగానే ఉంటాయి. కాకపోతే ఆ బొమ్మలో రెండు సంగతులు కనపడటం లేదు.

మొదటిది కప్పు మందం. దూలాలు 150 మిల్లీమీటర్లు, ప్లైవుడ్ 18, దాని మీద వేడి, చలి ఆపే ఇన్సులేషన్ 100 నుంచి 120, ఆ పైన షీటు. అన్నీ కలిస్తే అడుగు దగ్గరికొస్తుంది. ఇన్సులేషన్ ప్లైవుడ్ పైన వస్తే, దాని కింద గది లోపలి ఆవిరిని ఆపే పొర ఒకటి వేస్తే చాలు, కప్పులో గాలి ఆడే ఏర్పాటు అక్కర్లేదు. మందం తగ్గిద్దామని ఇన్సులేషన్‌ను దూలాల మధ్య ఇరికిస్తే అంచు పల్చబడుతుంది నిజమే. కానీ దాని పైన, ప్లైవుడ్ కింద, 50 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. ఆ ఖాళీలోకి గాలి ఒక చివర నుంచి వచ్చి రెండో చివర నుంచి పోవాలి. అంటే పల్చటి అంచులోనే గాలికి దారి కూడా విడవాలి. ఆ దారి మర్చిపోతే గదిలోని ఆవిరి చల్లటి ప్లైవుడ్‌కు తగిలి నీరవుతుంది, కప్పు లోపలి నుంచే పుచ్చిపోతుంది. బయటికి ఒక్క లీకూ కనపడదు. నన్నడిగితే ఇన్సులేషన్ పైన ఉండటమే మేలు. ఆ మందాన్ని గోడ పలకలే పైదాకా వెళ్లి కప్పేస్తాయి, అంటే మీవారు గీసినట్టే.

రెండోది నీళ్లు పోయే వైపు. చదును కప్పు అంటాం గానీ వాటం, అంటే నీళ్లు జారే ఏటవాలు, లేకుండా ఏ కప్పూ వేయకూడదు. నలభై మీటర్ల పొడవుకు ఒక మీటరు దిగుడు, అంటే నలభైకి ఒకటి చొప్పున లెక్క వేసుకుంటే, దూలాలు కొద్దిగా వంగినా, పనిలో తేడా వచ్చినా కనీసం ఎనభైకి ఒకటైనా మిగులుతుంది. మీ గదికి మూడు మీటర్ల మీద 75 మిల్లీమీటర్ల దిగుడు. మీ ప్లైవుడ్ ఇప్పటికే పరిచారు కాబట్టి దాని మీద లెవెల్ పెట్టి చూడండి. వాటం లేకపోతే కంగారు పడొద్దు, దాన్ని పీకక్కర్లేదు. ఒక వైపు మందంగా, మరో వైపు పల్చగా కోసిన ఇన్సులేషన్ పలకలు దొరుకుతాయి, వాటితోనే వాటం తేవచ్చు. కప్పు మూడు వైపులా అంచును చిన్న పిట్టగోడలా కాస్త లేపి, షీటును దాని మీదికి ఎక్కించి, పైన రేకు టోపీ పెడతారు. ఆ టోపీ కప్పు లోపలి వైపుకు వాలి ఉండాలి. బయటికి వాలితే దాని మీద పేరుకున్న దుమ్మంతా ప్రతి వానకూ మీ సెడార్ మీద చారలు దించుతుంది. ఈ మూడు వైపులా మీవారి గీత చక్కగా కుదురుతుంది. నాలుగో వైపు గట్టర్ కావాలి. బొమ్మలో అది ఎక్కడుందో మీరు రాయలేదు, బహుశా గీయలేదేమో. గట్టర్‌ను లోపల దాచేయవచ్చని ఎవరైనా చెప్పవచ్చు. దాచిన గట్టర్‌లో ఆకులు అడ్డుపడితే పొంగిన నీళ్లు గోడలోకే వస్తాయి. అలా చేయాలనుకుంటే నీళ్లు బయటికి దూకేలా ఒక అదనపు తూము తప్పనిసరి. ఇంటి నుంచి కనపడని వెనక వైపుకు వాటం పెట్టి, అక్కడ మామూలు గట్టర్ బిగిస్తే సరిపోయే పనికి ఇంత చిన్న గదిలో ఆ సాహసం ఎందుకని నాకనిపిస్తుంది.

మామగారి మాటలో ఉన్న నిజం కూడా చూద్దాం. చూరు ఉంటే గోడ పైభాగం తడవదు, తలుపు తీసినప్పుడు జల్లు కొట్టదు, కిటికీ మీద ఎండ తగ్గుతుంది. గోడ కింది భాగాన్ని మాత్రం అడుగు చూరు పెద్దగా కాపాడలేదు. నేల మీద పడి చిందే నీళ్లు అక్కడికి చేరుతూనే ఉంటాయి. ఇంకో సంగతి చాలామంది ఆలోచించరు. రంగు వేయని సెడార్ ఎండకు, వానకు తిరిగి వెండి బూడిద రంగుకు వస్తుంది. ఎండ పై పొరను విరగ్గొడుతుంది, వాన దాన్ని కడిగేస్తుంది. చూరు నీడలో ఉన్న పట్టీకి ఈ రెండూ సరిగా అందవు, అక్కడ గోధుమరంగు అలాగే మిగులుతుంది. కింద బూడిద, పైన గోధుమ, మధ్యలో ఒక వంకర గీత. కొందరికి అది అందమే. మీవారిలా ఏకరూపం కోరేవారికి మాత్రం రోజూ కళ్లకు గుచ్చుకుంటుంది. తలుపున్న వైపు ఒక్కటే చూరు లాగి, మిగతా వైపులు సన్నటి అంచుతో వదిలేయడం మధ్యేమార్గం. ఆ ఒక్క గోడ రంగు వేరుగా మారుతుందని ముందే ఒప్పుకుని చేసుకోవాలి. లేదా గోడకు సంబంధం లేకుండా తలుపు పైన మాత్రం చిన్న సన్‌షేడ్ బిగించవచ్చు. ఖర్చు తక్కువ, బొమ్మ చెడదు, మీరు తడవకుండా తాళం తీసుకోవచ్చు.

ఇక ఆ ఇద్దరు పనివాళ్ల గురించి. వాళ్లు తప్పించుకుంటున్నట్టు కనపడుతోంది గానీ, దాని వెనక ఒక కారణం ఉంది. అంచు సరిగా రావాలంటే పని ఈ వరసలో జరగాలి: ముందు ఫ్రేము మీద, నీళ్లను ఆపి ఆవిరిని పోనిచ్చే పొర. తర్వాత కప్పు షీటు ఆ పొర మీదికి దిగేలా వేయాలి. ఎప్పుడూ పైది కిందిదాని మీద పడాలి. ఆ తర్వాత రీపర్లు, అంటే సన్నటి చెక్క బద్దలు, వాటి మీద పలకలు. అన్నీ అయ్యాక ఆఖర్న రేకు టోపీ. అంటే పైకప్పు అతను రెండుసార్లు రావాలి. ఈ రెండో రాక ఎవరి లెక్కలోనూ లేదు. అతను ఒక్కసారే వచ్చి టోపీ కూడా బిగించేసి పోతే, కార్పెంటర్ పలకలను దాని కిందికి దూర్చలేక అంచు దగ్గర కోసి, సందును సిలికాన్‌తో పూడుస్తాడు. ఎండకు చెక్క కదులుతుంది, సిలికాన్ ఊడుతుంది, నీళ్లు లోపలికి దిగుతాయి. అతనితో రెండో రాకకు విడిగా మాట్లాడి డబ్బు ఒప్పుకోండి. "నాకు తెలీదు" అన్న మాట అప్పుడు మారుతుంది.

ఆ టోపీ బిగించేటప్పుడు మీరు దగ్గరుండి చూడాల్సింది ఒక్కటుంది. పలకల వెనక రీపర్ల మందమంతా, అంటే కనీసం 25 మిల్లీమీటర్లు, గాలి ఆడే ఖాళీ. పలక సందుల్లోంచి ఎంతో కొంత నీరు ఎలాగూ వెనక్కి వెళుతుంది. వెళ్లిన నీరు కిందికి జారాలి, తడిసిన చెక్క వెనక నుంచి కూడా ఆరాలి. దానికి కింద ఒక సందు, పైన ఒక సందు ఉండాలి. పై సందు సరిగ్గా మీవారి నల్లగీత కిందే వస్తుంది. రేకును పలకకు గట్టిగా నొక్కి బిగిస్తే గాలికి దారి మూసుకుపోతుంది. పలకకు, రేకుకు మధ్య పొడవునా కనీసం 10 మిల్లీమీటర్లు వదిలి, పురుగులు దూరకుండా లోపల జాలీ పెట్టించండి. చుక్క దూరంగా రాలడానికి ముందు చెప్పిన 30, 40 మిల్లీమీటర్లు వదిలితే ఈ 10 అందులోనే వచ్చేస్తుంది, ఒక్క కొలతతో రెండు పనులూ జరుగుతాయి.

పలకలు అడ్డంగానా, నిలువుగానా అన్నది మీ ఉత్తరంలో లేదు. అడ్డంగా అయితే రీపర్లు నిలువుగా కొడితే చాలు. నిలువుగా అయితే పలకలు కొట్టడానికి అడ్డ రీపర్లు కావాలి. అవి నేరుగా గోడకు కొడితే గాలినీ నీళ్లనూ ఆపేస్తాయి, అందుకే వాటి వెనక నిలువు రీపర్లు మరో వరస పడాలి. గోడ మందం ఆ మేరకు పెరుగుతుంది, టోపీ వెడల్పూ పెరుగుతుంది. ఇది తేలేదాకా రేకు కొలత ఇవ్వొద్దు.

మీ వంగిన పలక గురించి భయపడకండి. ఎండ తగిలిన ముఖం ఆరి కుంచించుకుంది, వెనక ముఖం అలాగే ఉంది, అందుకే వంగింది. ఏ చెక్కయినా కదులుతుంది. 150 మిల్లీమీటర్ల పైన్ పలకలో తేమ 10 శాతం నుంచి 18కి పెరిగితే వెడల్పు సుమారు 3 మిల్లీమీటర్లు పెరగవచ్చు. సెడార్ అంతకన్నా తక్కువే కదులుతుంది. అయినా 150 కన్నా వెడల్పు పలకలు వాడకండి, మందం 18, 20 మిల్లీమీటర్లకు తగ్గనివ్వకండి, ఒకదానిలో ఒకటి దూరే పలకలైతే కదలడానికి 2 మిల్లీమీటర్లు వదలమనండి. ఒక మేకు రెండు పలకల్లోంచి దిగకూడదు. దిగితే రెండూ కదల్లేక చీలతాయి.

నల్ల మరకకు కారణం సెడార్‌లో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం. ఇనుము తగిలి, తడి కూడా తోడైతే నల్లబడుతుంది. పైకి ఎంత తుడిచినా మళ్లీ వస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ మేకులు, స్క్రూలు తప్ప మరేవీ ముట్టనివ్వకండి. కార్పెంటర్ సంచిలోంచి వచ్చే గాల్వనైజ్డ్ (జింకు పూత పూసిన) మేకులు కూడా వద్దు. వీలైతే మీరే డబ్బా కొని చేతికివ్వండి. సెడార్ మీదుగా జారే నీటికి కొంత ఆమ్లగుణం ఉంటుంది, అందుకని గోడ అడుగున పెట్టే రేకు కూడా జింకు, సీసం కాకుండా రంగు కాల్చిన అల్యూమినియం అయితే నయం.

కోసిన కొసలు అసలు మర్చిపోకూడదు. పలక ముఖం కన్నా కొస ఎన్నో రెట్లు నీళ్లు తాగుతుంది. కోసిన ప్రతి కొసకూ నీళ్లు పీల్చకుండా ఆపే సీలర్ అప్పటికప్పుడు పూయాలి. నిలువు పలకలైతే కింది కొసను వెనక్కి ఏటవాలుగా కోయిస్తే చుక్క ముందు అంచు నుంచే రాలిపోతుంది. ఏ కొసా రేకు మీద గానీ నేల మీద గానీ ఆనకూడదు. కింది పలకకు, నేలకు మధ్య కనీసం 150 మిల్లీమీటర్లు వదలండి. అందం కోసం నేలదాకా దించుదామని ఎవరన్నా ఒప్పుకోకండి. గది సరిహద్దు గోడకు మరీ దగ్గరైతే, చెక్కలా మంట అంటుకునే గోడ తొడుగు విషయంలో నియమాలు వేరుగా ఉండవచ్చు, అది ముందే కనుక్కోండి.

పని ఆపించాలా అన్నారు. మొత్తం ఆపక్కర్లేదు. అంచు తేలేదాకా పలకలు, టోపీ మాత్రం ఆపండి. ఫ్రేముకు పొర చుట్టడం, కప్పు షీటు పరవడం జరగనివ్వవచ్చు, వాటం చూసుకున్నాక. అసలు ప్లైవుడ్ ఎక్కువ రోజులు వానకు తెరిచి ఉంచకూడదు. పలకల దొంతర నేలకు తగలకుండా కింద దుంగలు పెట్టి, మధ్య మధ్య బద్దలు వేసి, పైన మాత్రమే కప్పండి. చుట్టూ టార్పాలిన్ బిగిస్తే లోపల చెమ్మకు బూజు పడుతుంది.

మీవారితో మాట్లాడటానికి మూడు దారులు కనపడుతున్నాయి. ఊరుకోవడం ఒకటి. ఇవాళ ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది, రేపు అంచు దగ్గర నల్లచార కనపడిన ప్రతిసారీ "అప్పుడే చెప్పాను" అన్న మాట మీ నోటిదాకా వస్తుంది. మామగారి ఎదురుగా మగ్గు పరీక్ష చేసి చూపించడం రెండోది. మీరు గెలుస్తారు, కానీ తండ్రి ముందు ఆయన ఓడిపోతారు, ఆ తర్వాత చూరు పెట్టినా పెట్టకపోయినా ఆయనకు ఆ గది మీద ఇష్టం పోతుంది. మూడోది, ఇద్దరే కూర్చుని ఆయన బొమ్మలోని ఆ ఒక్క అంచును అట్టముక్క మీద అసలు కొలతల్లో గీయమనడం. దూలం, ప్లైవుడ్, ఇన్సులేషన్, షీటు, రీపరు, పలక, రేకు, అన్నీ నిజం సైజులో. "నీ బొమ్మ తప్పు" అనక్కర్లేదు, "నీళ్లు ఇక్కడి నుంచి ఎటు పోతాయో నాకు చూపించు" అనండి. గీయగలిగిన మనిషి కాబట్టి ఆ ప్రశ్న ఆయన్ను నొప్పించదు, పనిలోకి దింపుతుంది. ఆ అట్టముక్కే తర్వాత ఇద్దరు పనివాళ్ల చేతికీ ఇవ్వండి. అప్పటికీ కుదరకపోతే ఒక ఆర్కిటెక్టుకో, చెక్క గదులు కట్టిన అనుభవం ఉన్న మేస్త్రీకో డబ్బిచ్చి ఆ ఒక్క అంచు గీయించుకోవచ్చు. బయటి మనిషి చెబితే మీవారికీ మామగారికీ ఒప్పుకోవడం కొంచెం సులువవుతుంది.

ఇంకో మాట. ఆ గది మీ కోసం. ఉత్తరం మొత్తంలో మీకు ఎలాంటి అంచు కావాలో ఒక్కచోట కూడా రాయలేదు. రోజూ అందులో కూర్చునేది మీరు, కిటికీలోంచి చూసేది మీరు. జల్లు పడుతుంటే తలుపు తెరుచుకుని కూర్చోవాలనుంటే మామగారి చూరు మీకూ కావాలి. లోపలికి వెలుతురు బాగా రావాలనుంటే మీవారి గీతే మీకు నప్పుతుంది. ఆయనతో కూర్చునే ముందు ఇది మీరు తేల్చుకోండి, కూర్చున్నాక ముందుగా చెప్పండి.

ఆయిల్ సంగతి. సెడార్ బయటి వాడకానికి ఏమీ పూయకపోయినా నిలిచే చెక్క, రంగు మారుతుందంతే. ఇప్పటి రంగే కావాలంటే రంగు కలిసిన ఆయిల్ రెండు ముఖాలకూ, కొసలకూ కొట్టకముందే పూయాలి, వెలిసిపోతున్నట్టు కనపడగానే మళ్లీ పూస్తూ ఉండాలి. రంగులేని ఆయిల్ ఎండను పెద్దగా ఆపదు. వార్నిష్ మాత్రం వద్దు. అది పొరలా పగిలి ఊడుతుంది, మళ్లీ వేయాలంటే గోడంతా గీకాలి. ఆయిల్ గుడ్డలను ఉండచుట్టి పారేయకండి. ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకోగలవు, విప్పి బయట ఆరేసి, పూర్తిగా ఆరాకే పారేయండి.